అరుగు మీది శ్రీశైలం

మా ఊళ్ళో శ్రీశైలం పోయిరానివాడు ఒక్కడు కూడా లేడు. వాళ్ళలో చాలామంది ఊరి పొలిమేర దాటలేదు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదానికొకటి అడ్డం రావు.

ఎలాగో చెబుతాను. నెమ్మదిగా వినండి, నేను గబగబా మాట్లాడే మనిషిని కాను.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. మా ఊరు బేతంచెర్లకు కోసెడు దూరం. మా దగ్గర పండేది నాపరాయి ఒక్కటే. దానికి వానతో పని లేదు కాబట్టి పంట ఎన్నడూ తప్పలేదు. గోడలు రాయి, కప్పులు రాయి, పడుకునే అరుగులు రాయి. మనుషులు మాత్రం మెత్తనివాళ్ళు, ఎవరేం చెప్పినా నమ్మేవాళ్ళు.

మాకొక ఆచారం ఉంది. నల్లమలలో నడిచి శ్రీశైలం పోయి వచ్చినవాణ్ణి పొలిమేరలో డప్పులతో ఎదుర్కొంటాం. పెద్ద అరుగు మీద కూర్చోబెట్టి ఇంటికొక చెంబు నీళ్ళతో కాళ్ళు కడుగుతాం. బావుల్లో బురద తప్ప మరేమీ లేని ఎండాకాలంలో ఇంతకు మించిన మర్యాద లేదు. మా ఊళ్ళో పెళ్ళికొడుకు కాళ్ళు కూడా తడిగుడ్డతో తుడిచి సరిపెడతారు. కాళ్ళు కడిగించుకున్నవాడు తన యాత్రనంతా, గడప దాటింది మొదలు గడప తొక్కేదాకా, ఊరికి చెప్పాలి. విన్నవాళ్ళకు యాత్ర పుణ్యంలో సగం వస్తుంది.

ఇంతవరకు పెద్దలు చెప్పిందే. మేము చేసింది లెక్క. ఒకసారి వింటే సగం వస్తే, రెండుసార్లు వింటే ఎంత వస్తుందని శేషన్న ఒకరోజు అడిగాడు. శేషన్న అంటే మా ఊరి ఆసామి, పెద్ద అరుగు ఆయనదే. సగం, సగం కలిస్తే ఒకటి అని అందరూ ఒప్పుకున్నారు. ఇంత చిన్న లెక్క తెలియక మా పూర్వీకులు ఎంత అడవి తిరిగారో తలుచుకుని ఆ రోజు చాలామంది బాధపడ్డారు.

కర్నూలు వెళ్ళి వచ్చినప్పటి నుంచి శేషన్నకు దేనికైనా సంఘం కావాలి, తీర్మానం కావాలి. యాత్రా సంఘం పెట్టి ఆయన చేసిన ఉపన్యాసం నాకింకా గుర్తుంది.

"పెద్దలారా, నేను కర్నూల్లో నా కండ్లతో చూసినా. డేరాల కింద ఆఫీసులు నడుస్తాండాయి. డేరా కింద రాజ్యమే నడుస్తాంటే, అరుగు మీద యాత్ర నడవదా?"

నడుస్తుందని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. శేషన్న అధ్యక్షుడు. యాత్ర చెప్పేవాణ్ణి నేను.

నన్నే ఎందుకు పెట్టారంటే, నాకు యాత్రికులతో పరిచయం ఎక్కువ. నేను బండిమీద నాపరాళ్ళు బేతంచెర్ల స్టేషనుకు తోలేవాణ్ణి. ఇంజను నీళ్ళు తాగేటంతసేపు రైలు ఆగేది. నంద్యాల వైపు నుంచి వచ్చే పెట్టెల్లో శ్రీశైలం నుంచి తిరిగొచ్చే భక్తులుండేవాళ్ళు. దాహంగా ఉన్న మనిషికి చెంబెడు నీళ్ళిచ్చి, "యాడికి పోయొస్తాండారప్పా?" అంటే చాలు, కాళ్ళ పుళ్ళు చూపించి మరీ చెప్పేవాళ్ళు. చెంబుకొక యాత్ర. పంఢరపురం, రామేశ్వరం కూడా దొరికేవి గానీ మా ఊళ్ళో వాటికి గిరాకీ లేదు. రైలెక్కి దిగే యాత్రలో వినడానికేముంది?

పత్తికొండ దిక్కు ముసలామె ఒకతె, అడవిలో పెద్దచెరువు దగ్గర తనవాళ్ళు తప్పిపోతే ముక్కూమొహం తెలియని గుంపుతో నడిచి గుడికి పోయానని చెప్పింది. ఎమ్మిగనూరు మగ్గాలాయన భీముని కొలను లోయ దిగేటప్పుడు కాళ్ళు వణికి, ఎక్కేటప్పుడు ఏడుపొచ్చి, పైకి చేరినాక ఎందుకో నవ్వొచ్చిందన్నాడు. ఆదోని షావుకారు ఒకాయన, దావ పక్కన ఎండుటాకులు గలగలమంటే అందరం కలిసి హరహర మహాదేవ అన్నామని, చప్పుడు ఆగిపోయిందని చెప్పాడు. ఆయన చెప్పింది అంతే.

నేను ఒక్క మాట కలపలేదు. కానీ రాళ్ళు దించిన ఖాళీ బండి ఊరు చేరేలోపల ఆ ఆకుల వెనక ఒక అడవిపంది వచ్చి చేరింది. ఆ సాయంత్రం అరుగు మీద పందిని ప్రవేశపెడితే సభలో నిరుత్సాహం కనిపించింది. పందులు మా చేలల్లోనే ఉన్నాయి కదా, దానికోసం నల్లమల దాకా పోవాలా అని బొజ్జన్న అడిగాడు. బొజ్జన్న మా సంఘం కార్యదర్శి. న్యాయమైన ప్రశ్న. రెండోసారి చెప్పేనాటికి అది ఆడపులి అయింది. ఇంత ఘనమైన యాత్రకు ఆడపులి చాలదని శేషన్న ఒక సవరణ పెట్టాడు. సవరణ నెగ్గింది. శివరాత్రి దగ్గర పడేసరికి ఆ పులి భీముని కొలను మీది పెద్దరాయి ఎక్కి, దావన పోయే ప్రతి మనిషి మీదికీ ఎగురుతోంది.

ఆ రోజుల్లోనే నాగక్క అరుగు దగ్గరికి వచ్చింది.

నాగక్క గనిలో కూలి. ఆమె మొగుడు చిన్న ఈరన్న కూడా అక్కడే రాయి చీల్చేవాడు. ముందటి ఏడు ఒక పలక జారి అతని కాలు మీద పడింది. కాలు తీసేయాలన్నారు. కాలు నిలబడితే నడిచివచ్చి నీ ముందర నిలబడతానని నాగక్క శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంది. అంతటితో ఊరుకోకుండా, మొక్కు తీరేదాకా పొద్దుగూకినాక నోట్లో మెతుకు పెట్టనని కూడా అనేసింది. కాలు నిలబడింది, కొంచెం వంకరగా. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. పగలంతా రాళ్ళు మోసి రాత్రిళ్ళు కడుపు మాడ్చుకుని ఆమె కట్టెపుల్ల అయింది. గనిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. మేస్త్రీ, ఇంకొకసారి పడితే పనిలోకి రావద్దన్నాడు. ఆ ఇంట్లో అప్పటికి సంపాదన ఆమె ఒక్కతెదే.

సంఘం వెంటనే కరుణించింది. ఇంత దూరం వచ్చావు కాబట్టి కూర్చోమని, ఈ రాత్రికొకసారి, రేపు రాత్రికొకసారి మారెన్న యాత్ర చెబుతాడని, ఎల్లుండి నుంచి కడుపునిండా తినవచ్చునని శేషన్న విశదపరిచాడు. మారెన్న అంటే నేనే.

నాగక్క నిలబడే ఉంది. "నేను నడిచొస్తానని చెప్పినా మల్లన్నకు. వింటానని చెప్పలేదప్పా" అంది.

సభలో ఇంతవరకు ఎవరికీ తట్టని అభ్యంతరం ఇది. శేషన్న కండువా సర్దుకున్నాడు.

"శివరాత్రికి పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే నన్ను కలుపుకోండి. ఒంటిగా అడివిలో పోయేదానికి లేదు. మీ నీళ్ళూ నిప్పులూ నేను చూసుకుంటా" అంది ఆమె.

యాత్రా సంఘంలో సభ్యులకు కొదవలేదు. కానీ ఆ మాట అన్నాక అరుగంతా ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. ఒకరికి ఎద్దు ఈనేట్టు ఉంది. ఎద్దులు ఈనవని ఎవరూ గుర్తు చేయలేదు, ఎందుకంటే పక్కవాడికి తన సాకు ఇంకా దొరకలేదు. బొజ్జన్న, తాను ఇప్పటికే శానాసార్లు పోయొచ్చినానని, ఇంకా పోతే దేవుడికి విసుగు పుడుతుందని చెప్పాడు. నిజం చెప్పాలంటే అందరికీ పులి భయం. ఆ పులిని మేమే, మా అరుగు మీదే, చిన్నప్పటి నుంచి సాకాం. దాని సంగతి మాకన్నా తెలిసినవాళ్ళు ఎవరు?

అప్పుడు ఆడవాళ్ళ వరసలో నుంచి నా పెళ్ళాం గిడ్డమ్మ లేచింది.

"నేనొస్తా పా అక్కా" అంది. అని ఊరుకోవచ్చు కదా. "దావ తెలిసినోడు మా ఇంట్లోనే ఉండాడు. ఏం మామా, రావా?" అంది.

సభ నావైపు చూసింది. నేను నా బండి ఇరుసు విరిగిన సంగతి ఎత్తబోయాను. కానీ అప్పటికే శేషన్న లేచి, అనుభవజ్ఞుడైన మారెన్న నాయకత్వంలో స్త్రీజనం యాత్రకు బయలుదేరడం మన గ్రామ చరిత్రలో సువర్ణ ఘట్టమని మొదలుపెట్టాడు. ఉపన్యాసం పూర్తయ్యేసరికి నేను బయలుదేరి ఉన్నాను.

బేతంచెర్లలో రైలెక్కాం. నంద్యాలలో దిగి, బస్సులో ఆత్మకూరు పోయి, అక్కడి నుంచి నాగలూటి మీదుగా అడవిలో నడవాలని మా ఏర్పాటు. ఈ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. పెట్టెలో గుంతకల్లు వైపు భక్తులు కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళు ఇంకా ముందుకు పోయి, మార్కాపురం రోడ్డులో దిగి, దోర్నాల మీదుగా కొండ ఎక్కేవాళ్ళు. మేము ఆత్మకూరు దావన పోతున్నామని చెబితే ఒకాయన, "అన్నా, ఆ దావన పులి ఉండాదంట కదా?" అన్నాడు.

అది ఏ పులో నేను చెప్పనక్కర్లేదు. ఆ మాట మా ఊరి నుంచే స్టేషనుకు పోయి, అక్కడి నుంచి రైలెక్కి గుంతకల్లు దాకా పోయి తిరిగి వచ్చినట్టుంది. సొంత బిడ్డ పరాయి ఊళ్ళో పేరు తెచ్చుకున్నట్టు నాకు ఒళ్ళు పులకరించింది. ఎదుటివాళ్ళు నాకు కిటికీ పక్కన చోటిచ్చారు. ఒకామె అరటిపండు ఇచ్చింది. నేను నాగలూటి నుంచి మొదలుపెట్టాను. పెద్దచెరువు దాటించాను. మఠం బావి దగ్గర కొంతసేపు కూర్చోబెట్టాను. పాణ్యం స్టేషను ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నడిచి వచ్చినవాళ్ళెవరూ, పాపం, ఇంత బాగా చెప్పలేరు. వాళ్ళకు కాళ్ళ నొప్పులు అడ్డం వస్తాయి.

భీముని కొలను దగ్గర నేను పులిని రాయి మీదికి ఎక్కిస్తుండగా నంద్యాల వచ్చింది. గిడ్డమ్మ నా పంచె పట్టి లాగింది. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. ఆడవాళ్ళిద్దరూ మూటలతో దిగారు. కిటికీ అవతల నుంచి గిడ్డమ్మ, "దిగుతావా లేదా మామా? బండి కదుల్తాండాది" అంది.

పులి అప్పటికి గాల్లో ఉంది. పెట్టెడు జనం ఊపిరి బిగబట్టి ఉన్నారు. గాల్లో ఉన్న పులిని వదిలేసి దిగిపోవడం బాధ్యత గల మనిషి చేసే పని కాదు. పులి నేలమీదికి దిగేసరికి నంద్యాల వెనకబడిపోయింది.

గాజులపల్లెలో దిగి వెనక్కి రావచ్చు. కానీ దాని పక్కనుంచే అడవి మొదలవుతుంది. అందుకని దిగలేదు. రైలు నల్లమలలో దూరింది. ఇన్నేళ్ళుగా నేను చెబుతూ వచ్చిన అడవి అదేనని నాకు అప్పుడే తెలిసింది. నేను చెప్పినదానికన్నా చాలా పెద్దదిగా ఉంది. అంత పెద్దది నాకు నచ్చలేదు. కిటికీ తలుపు దించి గడియ పెట్టాను. మిగతావాళ్ళు తలుపులెత్తి లోయలూ, వెదుళ్ళూ చూస్తుంటే ఒకాయన, "నువ్వు శానాసార్లు చూసింటావులే అన్నా, మాకు కొత్త" అని నన్ను లోపలివైపుకు జరగమని కిటికీ తీసుకున్నాడు. నేను సంతోషంగా జరిగాను. అడవి దాటి గిద్దలూరు వచ్చాక దిగి, ఎదురు రైలెక్కి, మళ్ళీ కిటికీ మూసుకుని తిరిగొచ్చాను. రానూ పోనూ నల్లమల దాటినవాణ్ణి మా ఊళ్ళో అప్పటికి నేనొక్కణ్ణే.

పొలిమేరలో డప్పులు. ఎవరు చెప్పారో ఏమో. పెద్ద అరుగు మీద కూర్చోబెట్టారు, ఇంటికొక చెంబు పోశారు. ఆడవాళ్ళేరీ అని ఎవరో అడిగితే, వెనక వస్తున్నారన్నాను. వాళ్ళు వెనక రావడం నిజమే కదా. శివరాత్రి ఇంకా రాలేదన్న సంగతి బొజ్జన్నకు మాత్రం తట్టింది. రద్దీ కాకముందే చూసి రావడం అనుభవజ్ఞుల లక్షణమని శేషన్న ఆయన నోరు మూయించాడు. ఆ సాయంత్రం నేను చెప్పిన యాత్రలో రైలు తాలూకు ఊపు కూడా చేరింది. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదని అందరూ అన్నారు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పోయినావా అని ఎవరైనా అడిగితే కదా.

శివరాత్రి పోయాక ఆడవాళ్ళిద్దరూ వచ్చారు. డప్పులు లేవు, ఎందుకంటే వాళ్ళు దొడ్డిదావన ఇళ్ళకు పోయారు. సంఘం పిలిపించింది. నాగక్క మూట దించకుండానే వచ్చింది, పాదాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. మొహం మాత్రం కడిగిన రాయిలా ఉంది. ఎట్ల పోయొస్తిరో చెప్పమ్మా అన్నాడు శేషన్న.

నాగక్క చెప్పడం మొదలుపెట్టింది, చాలా పేలవంగా. ఆత్మకూరులో ఆలూరు దిక్కు గుంపు దొరికితే కలిసి నడిచారట. పెద్దచెరువు నీళ్ళు పచ్చగా ఉంటే కొంగుతో వడగట్టుకుని తాగారట. గుంపులో ఒక ముసలామె కాలు బెణికితే వంతులేసుకుని వీపున మోశారట. భీముని కొలను దగ్గర కూర్చుని కూర్చుని జారుతూ దిగారట. గుళ్ళో జనం ఎక్కువై మల్లన్నను కన్నార్పేంతసేపే చూశారట. అక్కడికి వచ్చేసరికి చెప్పడం ఆపి ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీంట్లో వినడానికేముంది?

"పులి?" అన్నాడు శేషన్న.

"కనపడలేదప్పా."

"గాండ్రింపన్నా?"

"ముసలామె గురక తప్ప ఇంకేమీ ఇనపడలేదు."

"అది ఎగిరే పెద్దరాయి ఉంటాది కదా, అదన్నా చూసినావా?" అని బొజ్జన్న ఒక అవకాశమిచ్చాడు.

"రాళ్ళు శానా ఉండాయి. ఈడున్నన్ని లేవులే" అంది నాగక్క.

శేషన్న లేచాడు. మారెన్న వంటి అనుభవజ్ఞుడి వాంగ్మూలంతో పోల్చి చూడగా, ఈ స్త్రీలు శ్రీశైలం చేరలేదనీ, తెలియక ఇంకేదో కొండకు పోయి ఉంటారనీ, వాళ్ళ భక్తిని సంఘం శంకించడం లేదనీ, మొక్కు మాత్రం చెల్లలేదనీ తీర్పు చెప్పాడు. నేను తల పంకించాను. అధ్యక్షుడు మాట్లాడేటప్పుడు తల పంకించడం నా పని.

నవ్వులాటగా పోయేదే. కానీ చిన్న ఈరన్న కూడా సంఘం సభ్యుడు. అతని మొహం తెల్లబోయింది. మొక్కు చెల్లకపోతే కాలు మళ్ళీ పోతుందని అతని భయం. కట్టె ఆనించుకుని లేచి, "ఇంకొన్నాళ్ళు రేత్రిపూట తినొద్దులే నాగా" అన్నాడు, బతిమాలినట్టు.

అప్పుడే పొద్దుగూకింది. నాగక్క మూట విప్పింది. ఆత్మకూరులో విడిపోయేటప్పుడు గుంపువాళ్ళు దావకు కట్టిచ్చిన జొన్నరొట్టె ఒకటి ఎండి ఉంది. అరుగు ముందర, అందరి ఎదుట, నేలమీద కూర్చుని ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. రొట్టె గట్టిగా ఉందేమో, నమిలిన చప్పుడు సభ చివరి దాకా వినిపించింది. మింగి మొగుడి వైపు చూసింది.

"నీ కాలికి ఏమన్నా అయితే పోయి మల్లన్నని నేనే అడుగుతా. దావ తెలుసు నాకు" అంది.

మిగతా రొట్టె కూడా అక్కడే కూర్చుని తినేసింది. నాకెందుకో ఆకలైంది.

ఇంటికొచ్చాక గిడ్డమ్మ కాళ్ళకు ఆముదం రాసుకుంటూ కూర్చుంది. నా మీద కోపంగా ఉందేమోననుకున్నాను. లేదు. నన్ను పట్టించుకోనేలేదు. దగ్గరికి పోయి నెమ్మదిగా, నిజంగానే పులి లేదా అని అడిగాను.

"ఉండాదేమో" అంది మడమ రుద్దుకుంటూ. "మా జోలికి రాలేదు. నిన్ను మాత్రం అరుగు దిగనీకుండా పట్టుకుండాది."

రెండో మాట నాకు సరిగా వినపడలేదు. మొదటి మాట పట్టుకుని తెల్లవారుతూనే శేషన్న దగ్గరికి పరుగెత్తాను. పులి ఉందని సాక్షే ఒప్పుకుందని చెప్పాను. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పులి ఉన్న కొండ శ్రీశైలమే కాబట్టి, వాళ్ళు పోయింది శ్రీశైలానికేనని నిన్నటి తీర్పును ఏకగ్రీవంగా సవరించాం. ఊరందరం చెంబులతో నీళ్ళు తీసుకుని, డప్పు కొట్టించుకుంటూ నాగక్క ఇంటికి పోయాం.

తలుపు మూసి ఉంది. ఆమె గనికి పోయి చాలాసేపైందని, రాత్రి కడుపునిండా తిని మళ్ళీ పొద్దున్నే చద్ది తిని మరీ పోయిందని పక్కింటామె చెప్పింది. గిడ్డమ్మను పిలుద్దామంటే ఆమె కూడా వెంట పోయిందట.

చెంబుల్లో నీళ్ళు. పైన ఎండ. మా సీమలో నీళ్ళు పారబోసే పాపం ఎవరూ చేయరు. శేషన్న అటూ ఇటూ చూసి, నన్నే మళ్ళీ అరుగు మీద కూర్చోమన్నాడు.

కూర్చున్నాను. వరసగా వచ్చి పోశారు, కళ్ళకద్దుకున్నారు. ఎవరెవరు పోశారో పేర్లు చెప్పను. ఇది వినేవాళ్ళలో వాళ్ళ మనవళ్ళు ఉంటారు.